మనిషి ఉన్నాడో లేడో ఇంటికెలా తెలుస్తుంది?

కొత్త ఆఫీసుల్లో, హోటళ్లలో టాయిలెట్‌కు వెళ్లినవాళ్లకు ఇది అనుభవమే. తలుపు తోయగానే లైటు దానంతటదే వెలుగుతుంది. లోపల కూర్చున్న కాసేపటికి దానంతటదే ఆరిపోతుంది. చీకట్లో చేతులు పైకెత్తి ఊపితే మళ్లీ వెలుగుతుంది. లోపలికి వచ్చిన మనిషిని గుర్తుపట్టిన యంత్రం, లోపలే ఉన్న మనిషిని ఎలా మర్చిపోయింది?

స్మార్ట్ హోం అనగానే చాలామందికి తోచేది ఫోన్‌లో బటన్ నొక్కితే హాల్లో ఫ్యాను తిరగడం. అది రిమోటు, అంతకుమించి ఏమీ కాదు. స్విచ్ వేసే పనిని రిలే అనే చవకబారు పరికరం కూడా చేసిపెడుతుంది. ఎప్పుడు వేయాలి, ఎప్పుడు తీయాలి అన్నది ఇంటికే తెలియాలంటే మాత్రం తంటా మొదలవుతుంది. కంపెనీ అమ్మే సెట్టు కొనకుండా, సెన్సర్లు విడిగా తెచ్చుకుని, ఒక చిన్న కంప్యూటర్‌కు కలిపి, గోడకు పాత ట్యాబ్లెట్ బిగించుకుని తమ ఇంటిని తామే తయారుచేసుకునేవాళ్లు ప్రపంచమంతటా లక్షల్లో ఉన్నారు. వాళ్ల కుస్తీలో ముప్పాతిక వంతు ఈ తెలుసుకోవడంతోనే.

ఏమీ తెలుసుకోకుండా పనిచేసుకుపోయే యంత్రం ఎంత చేటు తెస్తుందో తెలుగు రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. అర్ధరాత్రీ అపరాత్రీ కరెంటిచ్చే రోజుల్లో బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు బిగించారు. కరెంటు రాగానే మోటారు తిరుగుతుంది, రైతుకు చీకట్లో పొలం వెళ్లే బాధ తప్పుతుంది. అయితే ఆ స్టార్టర్‌కు తెలిసింది కరెంటు ఒక్కటే. మడి తడిసిందో లేదో దానికి పట్టదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులకు నచ్చజెప్పాల్సి వచ్చింది. కరెంటు ఉన్నంతసేపూ మోటార్లు తిరుగుతూ ఉంటే భూమిలో నీళ్లు ఎన్నాళ్లుంటాయి?

తెల్ల బుడిపె లోపల

టాయిలెట్ సీలింగ్ మీద కనిపించే తెల్లటి ప్లాస్టిక్ బుడిపెను దగ్గరగా చూస్తే, దాని నిండా చిన్న చిన్న గళ్లుంటాయి. ఒక్కో గడీ ఒక్కో కటకం. ఫ్రెంచి శాస్త్రవేత్త అగస్టీన్ ఫ్రెనెల్ 1820లలో లైట్‌హౌస్‌ల కోసం రూపొందించిన పలుచటి కటకాల కోవకు చెందినవే ఇవి. ఆ ప్లాస్టిక్ గుండా మన కంటికి అవతలిది కనిపించదు. పరారుణ కిరణాలు మాత్రం సులువుగా దాటిపోతాయి.

మనిషి ఒంట్లోని వేడి ఆ కిరణాల రూపంలో ఎప్పుడూ బయటికి వస్తూనే ఉంటుంది. వాటి జోరు ఎక్కువగా ఉండేది 9, 10 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర. బుడిపె విప్పితే చొక్కా గుండీ సైజులో ఒక లోహపు డబ్బీ, దానికో చిన్న కిటికీ కనిపిస్తాయి. ఆ కిటికీ వెనక పక్కపక్కనే రెండు ముక్కలు ఉంటాయి, ప్రత్యేకమైన స్ఫటిక పదార్థంతో చేసినవి. వేడి మారినప్పుడు వాటిలో రవ్వంత విద్యుదావేశం పుడుతుంది. వేడి నిలకడగా ఉంటే, ఎంత ఉన్నా సరే, ఏమీ పుట్టదు. పైగా ఆ రెండు ముక్కల్నీ ఒకదానికొకటి ఎదురు తిప్పి కలుపుతారు. ఎండ పడి గది మొత్తం వేడెక్కిందనుకోండి, రెండూ ఒకేలా స్పందించి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సెన్సర్ నోరు మెదపదు.

మనిషి నడిచాడంటే లెక్క మారుతుంది. గళ్ల కటకాలు గదిని కనిపించని పట్టీలుగా విడగొడతాయి. ఒక పట్టీ దాటి ఇంకో పట్టీలో అడుగు పెట్టిన ప్రతిసారీ ఆ మనిషి వేడి ముందు ఒక ముక్క మీద, క్షణం తర్వాత రెండో ముక్క మీద పడుతుంది. ఆ ఎగుడుదిగుడే సంకేతం. కూర్చుని పేపరు చదివేవాళ్లు ఏ పట్టీనీ దాటరు కాబట్టి సెన్సర్ లెక్కలో గది ఖాళీ. దీని పేరు పీఐఆర్ సెన్సర్. దొంగల అలారంలో ఉండేదీ, ఆఫీసు టాయిలెట్‌లో ఏడిపించేదీ ఇదే. సెన్సర్ వైపు నేరుగా నడిచి వచ్చే మనిషి కన్నా, దానికి అడ్డంగా నడిచే మనిషి ఎక్కువ పట్టీలు దాటుతాడు. అందుకే దీన్ని తలుపుకు ఎదురుగా కాకుండా పక్క గోడకు బిగించాలి. ఈ ఒక్క మార్పుతోనే చాలా ఫిర్యాదులు పోతాయి.

మన ఎండాకాలం దీనికి గండం. చర్మం పైన వేడి సుమారు 33, 34 డిగ్రీలుంటుంది. జనవరిలో గోడ 22 డిగ్రీల దగ్గరుంటే మనిషి కొట్టొచ్చినట్టు కనిపిస్తాడు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో గోడలు కూడా 34 డిగ్రీలకు చేరాయంటే, మనిషికీ గోడకూ తేడా చెరిగిపోతుంది. ఎంత కదిలినా సంకేతం బలహీనమే. గోడలు ఇంకా కాలి 40కి చేరితే మనిషి మళ్లీ కనిపిస్తాడు, ఈసారి గోడకన్నా చల్లటి వస్తువుగా. ఎండాకాలంలో సెన్సర్ పాడైందని తీసి పారేసినవాటిలో కొన్నింటికి అసలు ఏ రోగమూ ఉండి ఉండదు.

ఊపిరిని పట్టే రాడార్

కదలని మనిషిని పట్టుకోవడానికి ఇటీవలి కాలంలో ఇళ్లలోకి వచ్చినది రాడార్. విమానాల్ని వెతికే రాడార్ ఎంత పెద్దదైనా, ఇంట్లో వాడేది బొటనవేలి గోరు కన్నా కొంచెం పెద్ద సర్క్యూట్ ముక్క. చాలావరకు ఇవి 24 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి, అంటే తరంగం పొడవు సుమారు 12.5 మిల్లీమీటర్లు. (మిల్లీమీటర్ తరంగాలనే పేరుకు శాస్త్రం ప్రకారం 30 గిగాహెర్ట్జ్ దాటాలి. అమ్మేవాళ్లు ఆ పట్టింపు పెట్టుకోరు.)

అంత పొట్టి తరంగంతో లాభమేమిటి? ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ కొన్ని మిల్లీమీటర్లు ముందుకొస్తుంది. తరంగం వెళ్లి, తగిలి, తిరిగి రావాలి కాబట్టి ఛాతీ ఒక్క మిల్లీమీటరు జరిగినా మొత్తం దారి రెండు మిల్లీమీటర్లు మారుతుంది. 12.5 మిల్లీమీటర్ల తరంగంలో అది దాదాపు ఆరో వంతు. పంపిన తరంగాన్నీ తిరిగొచ్చిన తరంగాన్నీ పక్కపక్కన పెట్టి చూసే చిప్‌కు ఆరో వంతు తేడా చాలా పెద్దది. అందుకే సోఫాలో నిద్రపోయిన తాతయ్య కూడా దాని లెక్కలో ఉన్నట్టే. అంత పట్టు పీఐఆర్‌కు ఏ జన్మకూ రాదు.

ఇక్కడే తెలుగు ఇంటికి ప్రత్యేకమైన చిక్కొకటుంది. సీలింగ్ ఫ్యాను. ఊపిరంత కదలికను పట్టే సెన్సర్‌కు గిర్రున తిరిగే మూడు రెక్కలు పెద్ద జాతరలా కనిపిస్తాయి. చలిదేశాల వాళ్లు రాసిపెట్టిన సూచనల్లో దీని ప్రస్తావన తక్కువ. వాళ్ల గదుల్లో నెత్తిన ఫ్యాను ఏడాది పొడుగునా తిరగదు మరి. మన ఇంట్లో మనిషి బయటికెళ్తూ ఫ్యాను ఆపడం మర్చిపోతే, ఫ్యానును మనిషి అనుకుని రాడార్ లైటు వెలిగించే ఉంచుతుంది. గదిలో ఎవరో ఉన్నారనుకుని ఫ్యాను కూడా ఆపదు. రెండూ ఒకదాన్నొకటి సాకుతూ తెల్లవార్లూ నడుస్తాయి.

విరుగుడు లేకపోలేదు. ఎల్డీ2410 లాంటి చవక మాడ్యూళ్లు తమ ముందున్న దూరాన్ని 75 సెంటీమీటర్ల చొప్పున గడులుగా పంచుకుంటాయి. ఏ గడిలో ఎంత కదిలితే లెక్కలోకి తీసుకోవాలో విడివిడిగా చెప్పుకోవచ్చు. ఫ్యాను పడే గడి పట్టును తగ్గించేస్తే సరి. అదే దూరంలో మంచం కూడా ఉంటే ఆ పాచిక పారదు. అప్పుడు సెన్సర్‌ను నడుమెత్తులో గోడకు బిగించి, ముఖం కాస్త కిందికి వంచాలి. కర్టెన్లను దాని చూపులోంచి తప్పించాలి. రెండు మూడు రోజులు కూర్చుని సరిచూసుకునే ఓపిక లేనివాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు.

అనుభవమున్నవాళ్లు రెండింటినీ కలిపి వాడతారు. పీఐఆర్ చురుకు, మనిషి గుమ్మంలో అడుగుపెట్టగానే పట్టేస్తుంది. రాడార్ పట్టు వదలదు. కాబట్టి లైటు వెలిగించే అధికారం పీఐఆర్‌ది, ఆర్పే అధికారం రాడార్‌ది. ఫ్యాను మాయలో పడిన రాడార్ కూడా ఖాళీ గదిలో కొత్తగా లైటు వెలిగించలేదు.

■ బాక్స్: తలుపు సాక్ష్యం

బాత్రూం లాంటి చిన్న గదికి రాడార్ అక్కర్లేదు, తలుపునే సాక్షిగా పెట్టుకోవచ్చు. తలుపు సెన్సర్ విప్పితే నాణెం ఆకారపు బ్యాటరీ, పక్కన అగ్గిపుల్ల మందాన ఒక గాజు గొట్టం కనిపిస్తాయి. గొట్టంలో రెండు సన్నటి లోహపు రేకులు, మధ్య వెంట్రుకవాసి ఎడం. తలుపుకు అంటించిన అయస్కాంతం దగ్గరికి రాగానే అవి అతుక్కుంటాయి, దూరమైతే విడిపోతాయి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ 1936లో రూపొందించిన రీడ్ స్విచ్ ఇది. ఇన్నేళ్లయినా దీన్ని మించిన చవక సాక్షి రాలేదు.

తర్కం ఇలా నడుస్తుంది. తలుపు మూసుకుంది. మూసుకున్నాక లోపల ఒక్కసారి కదలిక కనిపించింది. అంటే మనిషి లోపలే ఉన్నాడు. ఆ తర్వాత గంటసేపు కదలకపోయినా సరే, తలుపు తెరుచుకునేదాకా లైటు ఆరకూడదు. తలుపు తెరుచుకున్నాక రెండు నిమిషాలు కదలిక లేకపోతే ఆర్పేయాలి. ఈ పద్ధతికి స్మార్ట్ హోం సరదాపరుల్లో 'పెట్టెలో కందిరీగ' అని పేరు. తలుపు బార్లా తీసి స్నానం చేసేవాళ్లున్న ఇంట్లో ఇది పనిచేయదు.

ట్యాంకు ఎంత నిండింది?

లైటు ఆరకపోతే కొంపలేమీ మునగవు. సంపు మోటారు ఆగకపోతే నిజంగానే మునుగుతాయి. నీళ్లు పొంగి గోడల మీదుగా కారి, కింది వాటావాళ్లు కేకలేస్తే తప్ప మోటారు గుర్తురాని ఇళ్లు బోలెడు. స్మార్ట్ హోం పని మన దగ్గర చాలామంది ట్యాంకుతోనే మొదలుపెడతారు, అది సబబే.

ట్యాంకు మూతకు కింది ముఖంగా అల్ట్రాసోనిక్ సెన్సర్ బిగిస్తారు. అది 40 కిలోహెర్ట్జ్ శబ్దం చేస్తుంది, మన చెవికి అందదు. శబ్దం నీటిమట్టానికి తగిలి తిరిగొచ్చేందుకు పట్టిన సమయాన్ని కొలుస్తుంది. గాలిలో శబ్దం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు పోతుంది కాబట్టి, మీటరు లోతున ఉన్న నీటిని తాకి రావడానికి దాదాపు 5.8 మిల్లీసెకన్లు. ఎండకు ట్యాంకులో గాలి 40 డిగ్రీలకు చేరితే శబ్దం వేగం 355 మీటర్లవుతుంది. లెక్కలో మూడున్నర శాతం తేడా వస్తుంది, మీటరుకు మూడున్నర సెంటీమీటర్లు. ఇంటి ట్యాంకుకు అంత తేడా పెద్ద విషయం కాదు. మరీ పట్టింపు ఉన్నవాళ్లు పక్కన ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టి సరిచేసుకుంటారు.

అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. నీళ్లు తట్టుకునే రకం సెన్సర్లకు ముఖం ముందు పాతిక సెంటీమీటర్ల దాకా గుడ్డితనం. పంపిన శబ్దం తాలూకు అదురు తగ్గేలోపు వచ్చిన ప్రతిధ్వనిని అవి పోల్చుకోలేవు. ట్యాంకు నిండి నీళ్లు ఆ హద్దులోకి వచ్చాయంటే సెన్సర్ తోచిన అంకె చెబుతుంది, సరిగ్గా మోటారు ఆగాల్సిన సమయంలోనే. దానికి విరుగుడుగా సెన్సర్‌ను నిండు మట్టానికి పాతిక సెంటీమీటర్ల పైన, చిన్న గొట్టం ముక్క పెట్టి ఎత్తులో బిగించాలి. ఆవిరి పట్టి ముఖం మీద నీటిబొట్టు నిలిచినా కొలత తప్పుతుంది. అందువల్ల ఈ సెన్సర్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా, పాతకాలపు ఫ్లోట్ స్విచ్‌ను కూడా వరుసలో కలిపి ఉంచాలి.

కబురు చేరేదెలా

సెన్సర్ చూసింది సరే, చూసినది కంప్యూటర్‌కు చెప్పాలి. వైఫై అందరి ఇళ్లలోనూ ఉంది, కానీ దానికి ఆకలెక్కువ. తలుపు సెన్సర్‌లోని నాణెం బ్యాటరీలో ఉండే శక్తి 220 మిల్లీయాంపియర్ అవర్లు, మామూలు ఫోన్ బ్యాటరీలో ఇరవయ్యో వంతు. వైఫై అయితే కొద్ది రోజుల్లో ఖాళీ చేసేస్తుంది. జిగ్‌బీ అనే రేడియో పద్ధతి వాడితే అదే బ్యాటరీ ఏడాది పైన వస్తుంది. సెన్సర్ దాదాపు ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది. తలుపు కదిలితే లేచి నాలుగు ముక్కలు చెప్పి మళ్లీ పడుకుంటుంది.

జిగ్‌బీలో ఇంకో సుగుణముంది. ఎప్పుడూ కరెంటు మీద ఉండే ప్లగ్గులు, రిలేలు పక్క పరికరాల కబురును అందుకుని ముందుకు పంపిస్తాయి. ఇటుక గోడలు, కాంక్రీటు స్లాబులున్న మన ఇళ్లలో మేడ మీది సెన్సర్ మాట కింది హాలుకు చేరేది ఇలా చేతులు మారే. చాలామందిని కొత్తలో ఏడిపించే సంగతొకటుంది. జిగ్‌బీ రిసీవర్‌ను కంప్యూటర్‌కున్న నీలిరంగు యూఎస్‌బీ 3 పోర్టులో గుచ్చితే సెన్సర్లు మాటిమాటికీ తప్పిపోతాయి. ఆ పోర్టు పనిచేసేటప్పుడు పుట్టే రేడియో గోల, జిగ్‌బీ వాడే 2.4 గిగాహెర్ట్జ్ మీదే పడుతుంది. అర మీటరు ఎక్స్‌టెన్షన్ వైరు పెట్టి దూరం జరిపితే చాలు.

కబుర్ల భాషగా ఎక్కువమంది వాడేది ఎంక్యూటీటీ. దీని పుట్టుక ఇళ్లలో కాదు, చమురు గొట్టాల దగ్గర. 1999లో ఐబీఎం ఇంజనీరు ఆండీ స్టాన్‌ఫోర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిపర్ కలిసి దీన్ని తయారుచేశారు. ఎడారిలో పోయే గొట్టాల్లో ఒత్తిడి ఎంతుందో శాటిలైట్ ద్వారా తెలుసుకోవాలి, శాటిలైట్‌లో ప్రతి అక్షరానికీ డబ్బు. అందుకని వీలైనంత తక్కువ మాటల్లో పని ముగించే పద్ధతి కావాల్సి వచ్చింది. పంచాయతీ ఆఫీసు నోటీసు బోర్డు ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే. ట్యాంకు సెన్సర్ వచ్చి 'నీళ్లు 80 శాతం' అని ఒక మూల అంటించి పోతుంది. ఎవరు చదువుతారో దానికి తెలియదు, అవసరమూ లేదు. మోటారుకు ఆ మూల చదివే పని ఉంది, గోడ మీది ట్యాబ్లెట్‌కూ ఉంది. రేపు కొత్త పరికరం తెచ్చినా పాతవాటిని ముట్టుకోకుండా అదీ వచ్చి చదువుకుంటుంది.

స్టాన్‌ఫోర్డ్-క్లార్క్ దీన్ని తన ఇంట్లోనూ వాడాడు. ఇంగ్లండ్ దక్షిణాన ఐల్ ఆఫ్ వైట్‌లో, శతాబ్దాల నాటి గడ్డికప్పు ఇల్లు ఆయనది. కరెంటు వాడకం సంగతులతో ఆ ఇల్లు ట్వీట్లు పెట్టేది. బోనులో ఎలుక పడితే కూడా ఆయనకు కబురందేది.

నిర్ణయం ఎక్కడ జరగాలి?

దుకాణంలో కొనే స్మార్ట్ పరికరాల్లో చాలావాటికి సొంత బుర్ర లేదు. హాల్లో బటన్ నొక్కితే ఆ మాట ఏ దేశంలోనో ఉన్న కంపెనీ సర్వర్ దాకా పోయి, అక్కడి నుంచి అనుమతి తెచ్చుకుని, అదే హాల్లోని బల్బును వెలిగిస్తుంది. నెట్ పోతే బల్బు మూగబోతుంది. 2021 డిసెంబరు 7న అమెజాన్ సర్వర్లు కొన్ని దెబ్బతిన్నప్పుడు అమెరికాలో రింగ్ కెమెరాలు ఆగాయి, రూంబా చీపురు యంత్రాలు యాప్ మాట వినలేదు.

సర్వర్ మళ్లీ లేస్తుంది, కంపెనీ లేవకపోవచ్చు. రివాల్వ్ అనే 300 డాలర్ల స్మార్ట్ హోం పెట్టె కథే చూడండి. గూగుల్ సొంతమైన నెస్ట్ సంస్థ దాన్ని 2014లో కొనేసి, 2016 మే 15న సర్వర్ ఆపేసింది. డబ్బు పెట్టి కొన్న పెట్టెలు ఆ రోజు నుంచి ఎందుకూ పనికిరాకుండా పోయాయి. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ హోం కంపెనీ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. చివరికి దాన్ని వాడేవాళ్లే కొందరు కలిసి కంపెనీని కొనుక్కుని మళ్లీ నడిపించారు.

సొంతంగా కట్టుకునేవాళ్లు బుర్రను ఇంట్లోనే పెట్టుకుంటారు. అందుకు ఎక్కువగా వాడేది హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. నెదర్లాండ్స్‌కు చెందిన పౌలస్ స్కౌట్సన్ 2013లో తన ఇంటి ఫిలిప్స్ హ్యూ బల్బుల కోసం రాసుకున్న ప్రోగ్రాంతో మొదలై, వేలమంది చేతులు పడి పెరిగింది. 2024 నుంచి లాభాపేక్ష లేని ఓపెన్ హోమ్ ఫౌండేషన్ చేతిలో ఉంది. రాస్ప్‌బెరీ పై లాంటి అరచేతి కంప్యూటర్ దీనికి సరిపోతుంది. అయిదు వాట్లు తిన్నా రోజంతా నడిస్తే నెలకు మూడున్నర యూనిట్లు, అంతే. దాన్నీ రౌటర్‌నూ ఇన్వర్టర్ లైన్ మీద పెట్టకపోతే మాత్రం కరెంటు పోయినప్పుడల్లా ఇంటికి మతి పోతుంది. మధ్యలో కరెంటు తెగితే మెమరీ కార్డులోని సమాచారం చెడిపోవడం మామూలే. అందుకే ఇప్పుడు చాలామంది కార్డు మానేసి ఎస్ఎస్డీ పెడుతున్నారు.

బుర్రకు చెప్పే ప్రతి నియమంలోనూ మూడు ముక్కలుంటాయి: ఏం జరిగితే, ఏ పరిస్థితిలో, ఏం చేయాలి. 'ట్యాంకు పాతిక శాతానికి దిగితే, సంపులో నీళ్లుంటే, మోటారు వేయి.' నాలుగో ముక్క చాలామంది రాయరు. వేసిన పని జరిగిందో లేదో చూడాలి. మోటారు వేసి పది నిమిషాలైనా ట్యాంకులో మట్టం పెరగలేదంటే, నీళ్లు అందక మోటారు ఉత్తగా తిరుగుతోందన్నమాట. అప్పుడు ఆపేసి, ఫోన్‌కు కబురు పెట్టాలి. కాయిల్ కాలిపోయాక చుట్టించడానికయ్యే ఖర్చుతో ఇలాంటి సెన్సర్లు చాలానే వస్తాయి.

■ బాక్స్: రిలే ఎంత మోయగలదు?

స్విచ్ బోర్డు వెనక దూర్చే స్మార్ట్ రిలేకు ఎప్పుడూ కరెంటు అందాలి, అంటే ఫేజుతో పాటు న్యూట్రల్ కూడా కావాలి. విదేశాల్లో పాత ఇళ్ల స్విచ్ పెట్టెల్లో న్యూట్రల్ లేక నానా అవస్థ పడతారు. మన బోర్డుల్లో స్విచ్చుల పక్కనే సాకెట్ కూడా ఉంటుంది కాబట్టి న్యూట్రల్ సాధారణంగా దొరుకుతుంది. ఈ విషయంలో మనం అదృష్టవంతులం.

బల్బుకూ ఫ్యానుకూ చిన్న రిలే చాలు. 3 కిలోవాట్ల గీజర్ 230 వోల్టుల మీద 13 యాంపియర్లు లాగుతుంది, 10 యాంపియర్ల రిలే దానికి ఆనదు. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు తక్కువే లాగినా, మొదలయ్యే క్షణంలో దానికి అయిదారు రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకు రిలే లోపలి లోహపు మొనలు కరిగి అతుక్కుపోవచ్చు. అప్పుడు తెర మీద 'ఆఫ్' అని ఉంటుంది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. గీజర్‌కైనా మోటారుకైనా, రిలేకూ దానికీ మధ్యలో కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్ ఉండాలి. రిలే ఆ కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే నడపాలి. నిజంగా ఆగిందో లేదో తెలియాలంటే మోటారు వైరు చుట్టూ కరెంటు కొలిచే క్లాంపు తగిలించాలి. ఈ పనంతా ఎలక్ట్రీషియన్ చేతులమీదుగా, ఎంసీబీ దించాకే. కరెంటు పోయి వచ్చాక రిలే ఆఫ్‌లోనే ఉండేలా సెట్టింగ్ చూసుకోవాలి. లేకపోతే ఊరెళ్లిన ఇంట్లో గీజర్ దానంతటదే కాగుతుంది.

యంత్రానికి అప్పగించకూడనివి

వంటింట్లో గ్యాస్ సెన్సర్ పెట్టి, లీకైతే ఎగ్జాస్ట్ ఫ్యాను దానంతటదే తిరిగేలా చేశామని గొప్పగా చెప్పుకునే వీడియోలు యూట్యూబ్‌లో కనిపిస్తుంటాయి. ఇది ప్రాణాంతకం. రిలే కలిసేటప్పుడూ ఫ్యాను మోటారులోనూ నిప్పురవ్వ పుట్టొచ్చు. గ్యాస్ వాసన వస్తే స్విచ్చు ముట్టుకోవద్దని సిలిండర్ తెచ్చే అబ్బాయి కూడా చెబుతాడు. ఆ మాట యంత్రానికీ వర్తిస్తుంది. సెన్సర్ చేయాల్సింది అలారం మోగించడం, ఫోన్లకు కబురు పంపడం. ఎల్పీజీ గాలికన్నా బరువు కనుక సెన్సర్‌ను నేలకు అడుగు ఎత్తులోనే పెట్టాలి. సీలింగ్ కింద పెడితే అది చెప్పే సమయానికి ఆలస్యమైపోతుంది.

ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన చవక కెమెరాలదీ ఇంకో ప్రమాదం. 2016 అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందకుండా పోయాయి. ఆ సైట్లకు దారి చూపే డైన్ అనే సంస్థ సర్వర్ల మీద విరుచుకుపడింది ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని ఇళ్లలోని కెమెరాలు, వీడియో రికార్డర్లే. మిరాయ్ అనే వైరస్ ప్రోగ్రాం వాటిని వశం చేసుకుంది. ఇంటి పరికరాలకు వైఫైలో వేరే నెట్‌వర్క్ పెట్టడం అరగంట పని.

గోడ మీది కిటికీ

ఇక ట్యాబ్లెట్. సెన్సర్లూ బుర్రా పనిచేస్తుంటే ఇది లేకున్నా ఇల్లు నడుస్తుంది. అయినా పెట్టుకుంటారు, ఎందుకంటే ఇల్లు ఒక్కడి ఫోన్‌లో ఉండకూడదు. అమ్మమ్మకు స్మార్ట్‌ఫోన్ ఉండదు, పనమ్మాయికి ఆ యాప్ అక్కర్లేదు, వచ్చిన చుట్టాలకు పాస్‌వర్డ్ చెప్పలేం. స్విచ్ బోర్డు పక్కన, అదే ఎత్తులో, ట్యాంకులో నీళ్లెన్ని, గేటు వేసుందా, మోటారు తిరుగుతోందా అన్న మూడు సంగతులు పెద్ద అక్షరాలతో కనిపిస్తే చాలు. బటన్ల పేర్లు మనమే రాసుకుంటాం కాబట్టి 'సంపు మోటారు', 'దేవుడి గది లైటు' అని తెలుగులోనే పెట్టుకోవచ్చు. ఇరవై గ్రాఫులతో తెర నింపినవాళ్ల ట్యాబ్లెట్‌ను ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోరు.

ఇందుకు మూలన పడేసిన పాత ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్ సరిపోతుంది. ఫుల్లీ కియోస్క్ లాంటి యాప్ వేస్తే హోమ్ అసిస్టెంట్ పేజీ ఒక్కటే తెర నిండా ఉంటుంది. ముందు కెమెరా ఎదుట ఎవరైనా కదిలితే తెర వెలుగుతుంది, లేనప్పుడు ఆరిపోతుంది. పడగ్గదిలో కెమెరా ఎందుకనుకుంటే దాన్ని మూసేసి, పీఐఆర్ సెన్సర్ మాటతోనే తెరను లేపొచ్చు. ఓలెడ్ తెరల్లో ఒకే బొమ్మ నెలల తరబడి నిలిచి ఉంటే మచ్చ పడుతుంది కనుక మామూలు ఎల్సీడీ తెరే ఇక్కడ నయం.

జాగ్రత్త పడాల్సింది బ్యాటరీతో. రాత్రింబవళ్లు చార్జర్‌కు తగిలించి ఉంచిన ట్యాబ్లెట్‌లో లిథియం బ్యాటరీ ఎప్పుడూ నూరు శాతం దగ్గర, 4.2 వోల్టుల మీద ఉంటుంది. ఆ ఒత్తిడిలో లోపలి ద్రవం ఎలక్ట్రోడ్ల దగ్గర మెల్లగా విరిగి వాయువులుగా మారుతుంది. వేడి పెరిగితే ఆ పని ఇంకా వేగంగా సాగుతుంది. ఎండ తగిలే గోడకు, గాలాడని చట్రంలో బిగిస్తే ఏడాది తిరిగేసరికి వెనక మూత ఉబ్బి తెర ఒక పక్క పైకి లేవొచ్చు. చార్జర్‌ను స్మార్ట్ ప్లగ్గులో పెట్టి, బ్యాటరీ 30 శాతానికి దిగితే వేసి, 80కి చేరితే తీసేసే నియమం రాసుకుంటే ఈ బాధ చాలావరకు ఉండదు. కొన్ని కొత్త ట్యాబ్లెట్లలో ఈ ఏర్పాటు ముందే ఉంటుంది. అయినా ఉబ్బిందంటే నొక్కి సరిచేయాలని చూడకూడదు, గుచ్చకూడదు. ఆపేసి, చార్జర్ పీకేసి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేయాలి.

అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఆండ్రాయిడ్‌లో బ్యాంకు యాప్‌లు, మెయిల్ ఖాతాలు ఉంచకుండా మొత్తం చెరిపి, రౌటర్‌లో దానికి బయటి ఇంటర్నెట్ కట్ చేయాలి. హోమ్ అసిస్టెంట్ ఇంట్లోనే ఉంది కనుక బయటి దారి మూసినా నీటిమట్టం తెర మీద కనిపిస్తూనే ఉంటుంది.